లారీ పవర్ స్టీరింగ్ ఆయిల్ ఇంటి దగ్గర మార్చుకోవడం: ఇంజన్ స్టార్ట్ చేయకముందు చేసేదే అసలు పని

తమ్ముడూ, నువ్వు రాసింది మొత్తం చదివాను. 14 అడుగుల బండి, పదేళ్లు దాటింది. వనస్థలిపురంలో ఇంటి ముందే పెట్టుకుంటావు, తెల్లవారుజామున బోయిన్‌పల్లి మార్కెట్‌కు కూరగాయల లోడు తోలుతావు. నెల రోజులుగా స్టీరింగ్ తిప్పినప్పుడల్లా గూఁ... అని మూలుగు వస్తోంది. స్టీరింగ్ ఆయిల్ ఉండే డబ్బా మూత తీసి చూస్తే ఆయిల్ నల్లగా ఉంది. ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా, ఇంట్లో ఉన్న బ్రేక్ ఆయిల్ పోయొచ్చా, కొత్తది పోశాక వెంటనే స్టార్ట్ చేసి తిప్పితే సరిపోతుందా అని అడిగావు.

ఇంటి దగ్గర మార్చుకోవచ్చు. బ్రేక్ ఆయిల్ చుక్క కూడా పోయొద్దు. పోసిన వెంటనే స్టార్ట్ చేయొద్దు. ఈ మూడో మాట కోసమే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను. ఆయిల్ తీయడం, పోయడం చేయి తిరిగినవాడికి అరగంట పని. లోపల చేరిన గాలిని ఇంజన్ ఆపి ఉంచే బయటికి పంపడానికి మాత్రం గంటన్నర ఓపిక కావాలి. స్టీరింగ్‌కు ఆయిల్ తోసే పంపులు పాడయ్యేది ఎక్కువగా అక్కడ తొందరపడినందుకే.

ఆటోనగర్‌లో పన్నెండేళ్లు స్టీరింగ్, బ్రేకుల పనే చేశాను. ఆ తర్వాత సొంత బండ్లు. పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి ఆయిల్ మార్చి, డబ్బా నిండా పోసి, నేరుగా ఇంజన్ స్టార్ట్ చేశాను. డబ్బాలో ఆయిల్ కళ్ల ముందే గుటుక్కున కిందికి దిగిపోయింది. సీసా అందుకుని మళ్లీ పోసేలోపు పంపు గాలి పీల్చేసింది. అరుపు మొదలైంది. ఆ రోజు ఎలాగో సర్దుకున్నట్టు కనిపించింది కానీ వారం తిరక్కుండా ఆ పంపు పోయింది. బండాయన లోడుతో దారిలో ఆగిపోయాడు. నా వల్ల ఆయనకు రెండు రోజుల కిరాయి పోయింది. ఆ సంగతి నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకే ఎవరు అడిగినా ముందు ఈ మాటే చెబుతాను.

ఎందుకు అలా అవుతుందో తెలిస్తే నీకే జాగ్రత్త వస్తుంది. పంపు లోపల తిరిగే ఒక రోటరు ఉంటుంది. దాని గాడుల్లో పలుచని రేకులు ఉంటాయి. రోటరు తిరుగుతుంటే ఆ రేకులు బయటికి జరిగి, చుట్టూ ఉన్న రింగును రాసుకుంటూ ఆయిల్‌ను ముందుకు తోస్తాయి. వాటికి వేరే గ్రీసు గానీ, వేరే ఆయిల్ గానీ ఉండదు. తోసే ఆయిలే వాటిని తడుపుతుంది. ఆయిల్ లేకుండా కొన్ని క్షణాలు తిరిగినా ఇనుము ఇనుమును గీకుతుంది. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు కూడా ఇలాంటి పంపు నిమిషానికి ఐదారు లీటర్ల పైనే తోస్తుంది. నీ డబ్బాలో పట్టేది 600 మిల్లీలీటర్లు అనుకో, ఆయిల్ తిరిగి డబ్బాలోకి వచ్చే రిటర్న్ పైపు ఊడదీసి ఉంటే అది ఖాళీ కావడానికి ఐదారు సెకన్లు చాలు. అంతలో నువ్వు క్యాబిన్ నుంచి దిగను కూడా దిగలేవు.

ఇప్పుడు బ్రేక్ ఆయిల్ సంగతి. రెండూ ఆయిలే కదా అనిపిస్తుంది, కానీ రెండింటి పుట్టుకే వేరు. డాట్ 3, డాట్ 4 అని రాసి ఉండే బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ రకం. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, దానికి సరిపడే రబ్బరు వేరు. స్టీరింగ్ ఆయిల్ పెట్రోలియం రకం, దాని సీళ్ల రబ్బరు వేరు. ఒకదానిలో ఇంకొకటి పోస్తే సీళ్లు ఉబ్బడమో మెత్తబడడమో జరిగి స్టీరింగ్ బాక్స్ (స్టీరింగ్ తిప్పితే చక్రాలను తిప్పే గేరు పెట్టె), పంపు రెండూ కారడం మొదలవుతుంది. స్టీరింగ్ ఆయిల్ పొరపాటున బ్రేక్ డబ్బాలో పడితే ఇంకా ప్రమాదం, బ్రేకులే పోతాయి. ఒకవేళ ఇప్పటికే కొంచెం పోసి ఉంటే దాచకుండా చెప్పు, బండి స్టార్ట్ చేయకు. మొత్తం ఖాళీ చేయాల్సిందే.

ఏ ఆయిల్ పోయాలో బండి పుస్తకం చెబుతుంది, డబ్బా మూత మీద కూడా రాసి ఉంటుంది. మన దగ్గర తిరిగే లారీల్లో ఎక్కువ వాటికి ఏటీఎఫ్ పోస్తారు, అంటే ఆటోమేటిక్ గేరు బాక్సుల కోసం తయారైన ఎర్ర ఆయిల్. సీసా మీద డెక్స్‌రాన్ 2 అనో డెక్స్‌రాన్ 3 అనో కనిపిస్తుంది. డెక్స్‌రాన్ అనేది జనరల్ మోటార్స్ కంపెనీ పెట్టిన ప్రమాణం పేరు, ఆయిల్ కంపెనీ పేరు కాదు. కాబట్టి ఏ కంపెనీ సీసా కొన్నా, నీ పుస్తకంలో రాసిన ప్రమాణం ఆ సీసా మీద ఉందా లేదా అన్నదే చూడు. కొన్ని బండ్లకు ఆకుపచ్చ రంగు ఆయిల్ ఉంటుంది, అది వేరే జాతి. రంగు చూసి కొనకు. ఎరుపు అనేది కలిపిన రంగే తప్ప నాణ్యతకు గుర్తు కాదు. పుత్లీబౌలిలో కొన్నా, రాణిగంజ్‌లో కొన్నా, ఆటోనగర్‌లో కొన్నా సీలు ఉన్న సీసానే తీసుకో. విడిగా కొలిచి పోసే ఆయిల్ ఎంత చవకైనా వద్దు. బిల్లు కూడా తీసుకో.

ఎంత కావాలంటే, నీ సైజు బండిలో మొత్తం పట్టేది సుమారు లీటరున్నర, రెండు లీటర్ల మధ్య ఉండొచ్చు. కచ్చితమైన లెక్క పుస్తకంలో చూడు. కడగడానికి కూడా పోతుంది కాబట్టి మూడు లీటర్లు దగ్గర పెట్టుకో. సగంలో ఆయిల్ అయిపోయి షాపుకు పరుగెత్తే పరిస్థితి రాకూడదు.

కొనే ముందు ఒక పరీక్ష చెయ్యి. డబ్బాలోంచి రెండు చుక్కలు తీసి తెల్ల కాగితం మీద వేసి ఎండలో చూడు. గోధుమ రంగులో చుట్టూ వ్యాపిస్తే అది మామూలుగా పాతబడిన ఆయిల్. మార్చితే చాలు. మధ్యలో నల్లటి మడ్డి నిలిచిపోతే హోస్ పైపుల లోపలి రబ్బరు అరుగుతోందని అనుమానించాలి. మెరిసే పొడి కనిపిస్తే మాత్రం పంపో, బాక్సో లోపల తినేస్తోందన్న మాట. అప్పుడు ఆయిల్ మార్చినా పెద్ద లాభం ఉండదు. ముందు మెకానిక్‌కు చూపించు.

ఆయిల్ పాలలాగా ఉంటే ఇంకో మాట ఉంది. పాల రంగుకు కారణం గాలి కావచ్చు, నీళ్లు కావచ్చు. చూడగానే తేడా తెలియదు. కొంచెం తీసి చిన్న గాజు సీసాలో పోసి గంటా రెండు గంటలు కదపకుండా ఉంచు. గాలైతే బుడగలు పైకి లేచి పోయి ఆయిల్ మళ్లీ తేటపడుతుంది. నీళ్లైతే పాల రంగు అలాగే ఉంటుంది, లేకపోతే అడుగున నీళ్లు విడిగా కనిపిస్తాయి. 2020 అక్టోబరు వానలకు టోలీచౌకి నదీం కాలనీ వైపు బండ్లు నీళ్లలో నిలిచిపోయాయి కదా, అలా మునిగిన ఏ బండికైనా ఈ సీసా పరీక్ష తప్పకుండా చేయాలి. నీళ్లు కలిసిన ఆయిల్‌తో నడిపితే లోపల తుప్పు పడుతుంది, ఒక్కసారి మారిస్తే కూడా పూర్తిగా పోదు.

ఇంకొక సంగతి, చాలామంది దీన్ని పట్టించుకోరు. స్టీరింగ్ ఆయిల్ డీజిల్ లాగా ఖర్చయ్యేది కాదు. లెవెల్ తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. కింద పడుకుని బాక్స్ కింద డ్రాప్ ఆర్మ్ (బాక్స్ నుంచి కిందికి వేలాడే ఇనుప చెయ్యి) దగ్గర, హోసుల చివర ఇనుప పట్టీ నొక్కిన చోట, పంపు ముందు భాగంలో చూడు. ఎక్కడా తడి లేదు, అయినా తగ్గుతోందంటే పంపు బెల్టుతో తిరుగుతోందా, ఇంజన్ గేరుతో తిరుగుతోందా చూసుకో. గేరుతో తిరిగే పంపులో షాఫ్ట్ సీలు పోతే ఆయిల్ బయటికి రాదు, ఇంజన్‌లోకి పోతుంది. ఇంజన్ ఆయిల్ లెవెల్ పెరుగుతుంటే అదే కారణం కావచ్చు. ఇలాంటి బండికి పై నుంచి పోస్తూ కూర్చుంటే డబ్బు దండగ, ఇంజన్ ఆయిల్ కూడా చెడిపోతుంది.

లీకు చూసేటప్పుడు ఇంజన్ నడుస్తుంటే హోసు మీద చెయ్యి పెట్టి తడమకు. ఇది గట్టిగా చెబుతున్నాను. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి పట్టుకున్నప్పుడు పంపు నుంచి బాక్స్‌కు పోయే హోసులో ఒత్తిడి 100 బార్ దరిదాపులకో, ఆ పైకో పోతుంది. నీ లారీ టైరులో ఉండే గాలి ఏడెనిమిది బార్లే. సూది మొనంత రంధ్రం పడినా దాంట్లోంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. బయటికి చిన్న గాటులా కనిపించినా అది ఆపరేషన్ దాకా వెళ్లే గాయం. అట్టముక్క పట్టుకుని చూడు, అది తడిస్తే లీకు ఉన్నట్టే.

సరే, పనిలోకి వద్దాం. లోడు దించేసిన బండి కావాలి. ఇంజన్ చల్లారి ఉండాలి. నీ ఇంటి ముందు వీధి వాలుగా ఉంటే అక్కడ చేయకు, సమంగా గట్టిగా ఉన్న నేల చూసుకో. మే నెల ఎండలో మెత్తబడిన తారు మీద జాకీ దిగబడుతుంది, కింద మందపాటి పలక వెయ్యాలి. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టు. ముందు యాక్సిల్ ఎత్తి, రెండు పక్కలా స్టాండ్లు పెట్టి, బరువు వాటి మీదికి దించు. జాకీ ఒక్కదాని మీద ఉన్న బండి కిందికి ఎవరూ వెళ్లకూడదు, ఒక్క నిమిషానికైనా సరే. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టొద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. బండి బరువుకు తగిన స్టాండ్లు లేకపోతే అద్దెకు తెచ్చుకో. అవి కూడా దొరక్కపోతే ఈ పని ఇంటి దగ్గర పెట్టుకోకు, షెడ్డుకు తీసుకెళ్లు.

చక్రాలు ఎందుకు ఎత్తడమంటే, ఇంజన్ ఆపి ఉన్నప్పుడు స్టీరింగ్‌ను చేత్తో సులువుగా తిప్పాలి. చక్రాలు నేల మీద ఉంటే తిప్పలేవు, బలవంతంగా తిప్పితే టైర్లు, జాయింట్లు దెబ్బతింటాయి. ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు క్యాబిన్‌లో, ఒకరు డబ్బా దగ్గర. ఇంట్లో వాళ్లెవరైనా చాలు, కానీ తాళం చెవి మాత్రం నీ జేబులో ఉండాలి.

మూత తీసే ముందు డబ్బా చుట్టూ గుడ్డతో శుభ్రంగా తుడువు. మన రోడ్ల దుమ్ము అక్కడ గడ్డకట్టి ఉంటుంది. అందులో చిటికెడు లోపల పడినా అది నేరుగా పంపుకే పోతుంది. గరాటు, సీసా, చేతులు అన్నీ శుభ్రంగా ఉండాలి. పీచు రాలే గుడ్డ వాడొద్దు. పాత ఆయిల్ అంత కీడు చేయదు గానీ, కొత్త ఆయిల్‌తో పాటు మనం పంపే ఇసుక రేణువు చేస్తుంది.

పెద్ద సిరంజితో డబ్బాలో ఉన్నంతా లాగెయ్యి. అడుగున మడ్డి ఉంటే తుడిచెయ్యి. లారీ డబ్బాల్లో చాలావాటికి లోపల స్ప్రింగు కింద కాగితపు ఫిల్టరు ఉంటుంది, చాలామంది ఏళ్ల తరబడి దాన్ని తీసి కూడా చూడరు. ఉంటే తప్పకుండా కొత్తది వెయ్యి. మూసుకుపోయిన ఫిల్టరు వల్ల కూడా మూలుగు వస్తుంది, ఆయిల్ వేడెక్కుతుంది. జాలీ ఒక్కటే ఉంటే కడిగి పూర్తిగా ఆరబెట్టు.

డబ్బాకు రెండు పైపులుంటాయి. ఒకటి పంపుకు పోతుంది, అది ఆయిల్ పీల్చుకునే పైపు. ఇంకొకటి స్టీరింగ్ బాక్స్ నుంచి తిరిగి వస్తుంది, అదే రిటర్న్. లావు చూసి ఊహించకు, పైపు మీద చెయ్యి పెట్టి చివరిదాకా వెంబడించు. రిటర్న్ పైపును డబ్బా దగ్గర విప్పి, దాని చివరను పారదర్శకంగా ఉండే ఖాళీ నీళ్ల డబ్బాలో పెట్టి కదలకుండా కట్టు. స్టీరింగ్ ఆయిల్ డబ్బాకు మిగిలిన రంధ్రాన్ని శుభ్రమైన రబ్బరు బిరడాతో గట్టిగా మూసెయ్యి, లేకపోతే నువ్వు పోసినదంతా కింద పడుతుంది. కొన్ని బండ్లలో ఆ జాయింటు బోల్టుతో ఉంటుంది, రెండు పక్కలా రాగి వాచర్లు ఉంటాయి. తిరిగి బిగించేటప్పుడు కొత్త వాచర్లు వెయ్యి.

ఇప్పుడు డబ్బాలో కొత్త ఆయిల్ పోసి, క్యాబిన్‌లో ఉన్న మనిషిని స్టీరింగ్ నెమ్మదిగా ఎడమ చివరకు, తర్వాత కుడి చివరకు తిప్పమను. ఇంజన్ ఆపే ఉండాలి. బాక్స్ లోపలి పిస్టన్ జరిగినప్పుడల్లా నల్ల ఆయిల్ రిటర్న్ పైపులోంచి వస్తుంది. డబ్బాలో లెవెల్ తగ్గుతుంది, నువ్వు పోస్తూ ఉండాలి. అడుగు కనిపించేదాకా మాత్రం రానివ్వకు. లెవెల్ తగ్గినప్పుడు 'ఆపు' అని గట్టిగా చెప్పు, పోసి 'తిప్పు' అను. ఈ రెండు మాటలతోనే పని నడవాలి, మధ్యలో ముచ్చట్లు పెట్టుకుంటే లెవెల్ చూడడం మర్చిపోతారు. బయటికి వచ్చే ఆయిల్ నలుపు నుంచి గోధుమకు, గోధుమ నుంచి ఎరుపుకు మారుతుంది. ఎర్రగా వచ్చాక ఆపి, రిటర్న్ పైపు మళ్లీ తగిలించి క్లిప్పు బిగించు. పాత క్లిప్పు సాగిపోయి ఉంటే కొత్తది వెయ్యి.

పైపులు విప్పడానికి ధైర్యం చాలకపోతే ఇంకో దారి ఉంది. సిరంజితో డబ్బాలో ఉన్నంత లాగి, కొత్తది పోసి, రెండు మూడు రోజులు నడిపి, మళ్లీ అలాగే చేయడం. ఇందులో గాలి చేరదు, జాకీ కూడా అక్కర్లేదు. కానీ లెక్క చూడు. మొత్తం లీటరున్నర, డబ్బాలో 600 మిల్లీలీటర్లు అనుకుంటే, మొదటిసారికి పాత ఆయిల్ ఇంకా 60 శాతం మిగులుతుంది. రెండోసారికి 36, మూడోసారికి 22 శాతం, నాలుగోసారికి 13. నాలుగుసార్లకు దాదాపు రెండున్నర లీటర్లు పడుతుంది, అప్పటికీ పూర్తిగా పోదు. అయినా స్టాండ్లు లేనివాళ్లకు, ఒంటరిగా చేసుకునేవాళ్లకు నేను ఇదే చెబుతాను. వారం పది రోజులు పట్టినా పంపు భద్రంగా ఉంటుంది.

డీజిల్ పోసి కడగమని, కిరోసిన్ పోస్తే మడ్డి కరుగుతుందని నీకు ఎవరో ఒకరు చెబుతారు. చేయకు. కొంత ఎప్పుడూ లోపలే మిగులుతుంది. పంపు రేకులకు కావలసిన జిగురు దానికి లేదు, సీళ్లకు కూడా మంచిది కాదు. కడగాలంటే అదే కొత్త ఆయిల్‌తో కడుగు.

ఇక అసలు పని. పైపు తగిలించి, డబ్బా నిండుగా పోసి, పది నిమిషాలు ఏమీ చేయకుండా వదిలెయ్యి. ఆ పది నిమిషాల్లో ఆయిల్ తన బరువుతోనే పంపులోకి దిగుతుంది. బుడగలు కొన్ని వాటంతట అవే పైకి వస్తాయి. తర్వాత ఇంజన్ ఆపే ఉంచి స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా తిప్పించు. ఇరవై సార్లు. డబ్బాలో చూస్తూ ఉంటే బుడగలు వస్తుంటాయి, లెవెల్ దిగుతుంటుంది, పోస్తూ ఉండు. గబగబా తిప్పితే గాలి ఆయిల్‌లో చిలికినట్టు కలిసిపోయి నురగ అవుతుంది, ఆ నురగ విడిపోవడానికి గంటలు పడుతుంది. నెమ్మదిగా తిప్పితే గాలి గాలిగానే బయటికి వస్తుంది. పదిసార్లయ్యాక పావుగంట ఆగి, మళ్లీ పది తిప్పించు. బుడగలు రావడం ఆగి, లెవెల్ దిగడం మానేదాకా ఇదే. ఇరవైకి ఆగకపోతే ముప్ఫై తిప్పు. ఇక్కడ విసుగొస్తుంది, తిప్పే మనిషి భుజాలు నొప్పులు పుడతాయి. టీ తాగి రండి. అయినా స్టార్ట్ చేయొద్దు.

అప్పుడు, మూత పక్కన పెట్టి, సీసా చేతిలో పట్టుకుని నువ్వు డబ్బా దగ్గర నిలబడు. రెండో మనిషిని గేరు న్యూట్రల్‌లో ఉందని చూసుకుని స్టార్ట్ చేయమను, యాక్సిలరేటర్ తొక్కొద్దని చెప్పు. లెవెల్ గబుక్కున పడిపోతే వెంటనే ఆపించు, పోసి మళ్లీ మొదలుపెట్టు. పడకపోతే ఒక నిమిషం ఐడిల్‌లో తిరగనిచ్చి, స్టీరింగ్ నెమ్మదిగా రెండు వైపులా తిప్పించు. చివర తగిలిన చోట పట్టి ఉంచకూడదు, ఐదు సెకన్లు దాటితే పంపు ఊరికే వేడెక్కుతుంది. అసలు తగలగానే వెనక్కి తిప్పడమే మంచిది. ఇది రోజూ నడిపేటప్పుడు కూడా గుర్తు పెట్టుకో. మార్కెట్లో ఇరుకు జాగాలో బండి వెనక్కి పెట్టేటప్పుడు స్టీరింగ్ చివరికంటా తిప్పి అలాగే నొక్కి పట్టుకునే అలవాటు చాలామంది డ్రైవర్లకు ఉంది. ఆయిల్ నల్లబడడానికి ఆ వేడి కూడా ఒక కారణం.

గాలి పోయిందా లేదా తెలుసుకోవడానికి మంచి గుర్తు ఒకటుంది. ఇంజన్ నడుస్తుండగా డబ్బాలో లెవెల్ చూసుకో. ఇంజన్ ఆపించి మళ్లీ చూడు. లోపల గాలి ఉంటే, ఇంజన్ నడుస్తున్నంతసేపూ ఒత్తిడికి నలిగి ఉంటుంది. ఆపగానే ఉబ్బుతుంది, డబ్బాలో ఆయిల్ పైకి పొంగినట్టు లేస్తుంది. బాగా లేచిందంటే గాలి ఇంకా ఉంది, పావుగంట ఆగి ఇంజన్ ఆపి తిప్పే పని మళ్లీ చెయ్యాలి. కొంచెమే కదిలితే పని అయినట్టే. కొందరు మెకానిక్‌లు కూడా ఈ పరీక్ష చేయకుండా శబ్దం తగ్గిందని పంపించేస్తారు, రెండు రోజులకు బండి మళ్లీ మూలుగుతూ వస్తుంది.

బండి కిందికి దించాక లెవెల్ గుర్తుల మధ్యలో ఉండేలా సరిచేసుకో. నిండా పోయొద్దు. వేడికి ఆయిల్ పెరిగి మూత దగ్గర పొంగి, కింద ఎగ్జాస్ట్ మీద పడితే పొగే కాదు, మంట కూడా రావచ్చు. పని చేసేటప్పుడు ఒలికిన ఆయిల్ కూడా ఇంజన్ మీద నుంచి పూర్తిగా తుడిచెయ్యి, ముఖ్యంగా టర్బో, ఎగ్జాస్ట్ వైపు. తర్వాత ఖాళీ మైదానంలోనో, జనం లేని వీధిలోనో నెమ్మదిగా రెండు రౌండ్లు తిప్పి చూడు, వచ్చి కింద మళ్లీ లీకు చూడు. మొదటి రోజే లోడేసుకుని ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కొద్దు.

ఇంత చేశాక కూడా స్టీరింగ్ బరువుగా ఉంటే ఆయిల్‌ను తిట్టుకోకు. ముందు టైర్లలో గాలి చూడు. ముందు చక్రాలు పక్కకు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్‌లకు గ్రీసు ఎప్పుడు కొట్టించావో గుర్తు తెచ్చుకో. వానాకాలం నీళ్లలో తిరిగిన బండ్లకు అక్కడ గ్రీసు కడుక్కుపోయి పిన్ను బిగుసుకుంటుంది, అప్పుడు పవర్ స్టీరింగ్ ఉన్నా భారంగానే తిరుగుతుంది. డ్రాప్ ఆర్మ్ నుంచి చక్రాల వైపు పోయే డ్రాగ్ లింక్ కడ్డీ తీసి చక్రాలను చేత్తో తిప్పి చూస్తే ఆ తేడా తెలిసిపోతుంది, కానీ అది మెకానిక్ చేయాల్సిన పని. అలాగే తిప్పగానే కీచుమని అరిస్తే అది బెల్టు జారుతున్న శబ్దం. గూఁ మని మూలిగితేనే ఆయిలో, గాలో, ఫిల్టరో. నువ్వు చెప్పింది మూలుగే కాబట్టి నీ బండికి ఈ పనితో గుణం కనిపించే అవకాశం ఎక్కువ. స్టీరింగ్ బాక్స్ విప్పడం, డ్రాప్ ఆర్మ్ లాగడం, బాక్స్ మీద ఉన్న అడ్జస్ట్‌మెంట్ బోల్టు తిప్పడం మాత్రం ఇంటి దగ్గర ముట్టుకోవద్దు. అక్కడ పొరపాటు జరిగితే నడిరోడ్డు మీద స్టీరింగ్ చేతికి అందదు. లీకు ఆపే మందు అని సీసాలు అమ్ముతారు, అవి సీలును కొన్నాళ్లు ఉబ్బించి ఆపుతాయి తప్ప బాగు చేయవు. సీలు పోయిందంటే సీలు మార్చడమే.

తీసిన పాత ఆయిల్‌ను వీధి మోరీలో పోయకు. మన మోరీలు నాలాల్లో కలుస్తాయి, అవి పోయి మూసీలో కలుస్తాయి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడిన ఆయిల్ కూడా ఉంది. సెంట్రింగ్ పలకలకు పూయడానికి అడిగేవాళ్లు వస్తారు, వాళ్లకీ ఇవ్వకు, అది కడిగిన నీళ్లతో పాటు మట్టిలోకే పోతుంది. మూత బిగించిన డబ్బాలో దాచి, వాడిన ఆయిల్‌ను రీసైక్లింగ్‌కు పంపే సర్వీస్ సెంటర్‌లో ఇచ్చెయ్యి.

వారం నడిపాక సిరంజితో డబ్బాలో ఉన్నంత ఆయిల్ ఒక్కసారి మళ్లీ మార్చు. చేత్తో తిప్పి కడిగినప్పుడు మూలల్లో మిగిలిపోయిన మడ్డి ఈ వారంలో కదిలి డబ్బాలోకి వస్తుంది. ఆ తీసిన ఆయిల్‌ను గాజు సీసాలో పోసి రెండు గంటలు నిలవనిచ్చి, ఎండకు పెట్టి చూడు. రంగు ఎలా ఉంది, అడుగున ఏమైనా మెరుస్తోందా, ఇంజన్ ఆపినప్పుడు లెవెల్ ఎంత లేస్తోంది, పంపు బెల్టుదా గేరుదా – ఈ నాలుగు నాకు రాయి. మూలుగు పోకపోతే తర్వాత ఏం చూడాలో అప్పుడు చెబుతాను.